తుపాకీ కొనేముందు బుజ్జికి

బుజ్జీ,

నువ్వు జింకల వేటకి మజిల్‌లోడర్, అంటే మూతిలోంచి మందు, గుండు దట్టించే తుపాకీ, కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. చెప్పలేదు, నిలదీసింది. "అన్నయ్యా, అది నాటు తుపాకీ కొంటోందట, నువ్వే ఎక్కించి ఉంటావు" అని. నేను ఎక్కించలేదని ఒట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య దగ్గర మాత్రం నీ గురించి చాలాసేపు గొప్పలు చెప్పుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేశావు కదా, మంచిది. పెన్సిల్వేనియాలో మామూలు లైసెన్సు ఒక్కటే చాలదు, మజిల్‌లోడర్ లైసెన్సు విడిగా తీసుకోవాలి. ఆరెంజి జాకెట్ రూల్ ఉన్నా లేకపోయినా వేసుకో. చెట్టు మీద స్టాండ్ ఎక్కితే హార్నెస్ కట్టుకో. నీకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి వీసా టెన్షన్ లేదు. నీతో వస్తానంటున్న ఆ స్నేహితురాలు ఇంకా హెచ్-1 మీదే ఉందనుకుంటా. వలసదారు కాని వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. పాతకాలం పద్ధతి తుపాకుల లెక్క వేరు, అది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. లాయర్‌ని అడిగేదాకా తనని చూడ్డానికి మాత్రమే రమ్మను.

ఇక ఏది కొనాలి. షాపువాడు నీకు ముందు ఇన్‌లైన్ అనే కొత్తరకం మజిల్‌లోడర్ చూపిస్తాడు. టోనీ నైట్ అనే ఆయన 1985లో ఎంకే-85 తెచ్చినప్పటి నుంచి అందరూ వాటివైపే వెళ్లారు. అది చెడ్డది కాదు. షాట్‌గన్ ప్రైమర్‌తో పేలుతుంది, తడిలోనూ నమ్మొచ్చు, స్కోపు పెట్టుకోవచ్చు. కానీ నీకు క్రిస్మస్ తర్వాత సీజన్‌లో వెళ్లాలని ఉందన్నావట. ఆ సీజన్ 1974లో మొదలైంది, అప్పటి నుంచి ఫ్లింట్‌లాక్‌కే, అంటే చెకుముకి రాయి రవ్వతో పేలే పాతరకం తుపాకీకే. ఇన్‌లైన్ అక్టోబరులో వచ్చే వారం రోజుల మజిల్‌లోడర్ సీజన్‌కి పనికొస్తుంది గానీ మంచు సీజన్‌కి పనికిరాదు. ఫ్లింట్‌లాక్ రెండింటికీ చెల్లుతుంది. ఒక్క తుపాకీయే కొంటానంటే మరి ఆలోచించేదేముంది? పైగా మనం ఉంటున్నది ఎక్కడ? లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ కమ్మరులు పొడుగు రైఫిళ్లు చేసిన రాష్ట్రంలో.

కాలిబర్, అంటే అంగుళాల్లో గొట్టం లోపలి వెడల్పు, పాయింట్ ఫైవ్ జీరో తీసుకో. ఇక్కడ కనీసం పాయింట్ ఫోర్ ఫోర్ ఉండాలి. ప్యాచ్ అనే గుడ్డముక్క చుట్టిన గుండ్రటి సీసం గుండే వాడతావు కాబట్టి గొట్టం లోపలి మెలిక నిదానంగా ఉండాలి. అరవై ఆరు అంగుళాలకు ఒక చుట్టు అయితే గుండ్రటి గుండుకి బాగా కుదురుతుంది, నలభై ఎనిమిది అయితే మధ్యరకం. ఇన్‌లైన్లలో ఉండే ఇరవై ఎనిమిది దానికి పనికిరాదు.

అసలు ముఖ్యమైన సంగతి, ఇది షాపులో ఎవరూ అడగరు. నువ్వు ఎడమచేతి వాటం. మామూలు ఫ్లింట్‌లాక్‌లో లాక్, అంటే రవ్వ పుట్టించే భాగం, కుడివైపు ఉంటుంది. నువ్వు దాన్ని ఎడమ భుజానికి ఆనించి పేలిస్తే పాన్‌లో, అంటే రవ్వ పడే చిన్న మందు గిన్నెలో, మంట నీ ముఖం ముందే లేస్తుంది. ఎడమచేతివాళ్లకని లాక్ అటువైపు పెట్టి చేసినవి దొరుకుతాయి. నెలలు ఆగాల్సి వచ్చినా ఆగు. కళ్లజోడు మాత్రం ఏ తుపాకీకైనా తప్పదు. చిన్నప్పుడు నువ్వు ఎడమచేత్తో అన్నం తింటుంటే మీ తాతయ్య కసిరినప్పుడల్లా నేనే అడ్డం పడేవాణ్ణి, గుర్తుందా? ఇప్పుడు ఆ చెయ్యి గురించే నాకు భయం.

తుపాకీమందు విషయంలో ఒక్కమాట. బ్లాక్ పౌడర్ అంటే అసలు బ్లాక్ పౌడరే. దానికి బదులుగా అమ్మే పైరోడెక్స్ లాంటివి ఫ్లింట్‌లాక్‌లో సరిగా అంటుకోవు. ఇక మామూలు రైఫిల్ తూటాల్లో వాడే స్మోక్‌లెస్ మందు చిటికెడు కూడా ఇందులో పోయకూడదు, గొట్టం చీలిపోతుంది. డెబ్భై గ్రెయిన్ల ఎఫ్‌ఎఫ్‌జీ రకం మందుతో మొదలుపెట్టు, తుపాకీతో వచ్చిన పుస్తకంలో రాసిన హద్దు దాటకు. గ్రెయిన్లంటే ఇక్కడ బరువు కాదు, కొలత గొట్టంతో కొలిచే పరిమాణం. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయకు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో డబ్బానే అంటుకుంటుంది. ఇంట్లో ఆ డబ్బాని దేవుడి అల్మారాకి దూరంగా పెట్టు. నువ్వు పొద్దున్నే దీపం, అగరుబత్తి వెలిగిస్తావని నాకు తెలుసు.

ఇప్పుడు రాయాలనుకున్న విషయానికి వస్తాను.

మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, చాలా జాగ్రత్త మనిషి. కారులో కూర్చుంటే ఎదుటివాళ్లు బెల్టు పెట్టుకునేదాకా తాళం తిప్పేవాడు కాదు. ఒక జనవరిలో సీజన్ ఆఖరి సాయంత్రం జింక కనపడలేదు. మామూలుగా అయితే వెళ్లేముందు మెత్తటి నేలలోకి పేల్చి తుపాకీ ఖాళీ చేస్తాం. ఆ రోజు పక్కనే రైతు ఆవులు ఉన్నాయి, బెదురుతాయని పేల్చలేదు. పాన్‌లో మందు దులిపేశాడు. పాన్ ఖాళీ అయితే ఫ్లింట్‌లాక్ పేలదనుకున్నాడు. ఇంటికెళ్లి గొట్టం పైపైన తుడిచి అల్మారాలో పెట్టాడు. వసంతం వచ్చింది, ఎండాకాలం పోయింది.

మళ్లీ శరదృతువులో ఇద్దరం రేంజికి వెళ్లాం. ఆయన కొలిచి మందు పోశాడు, గుండు పెట్టాడు, దట్టించాడు. దట్టించే కడ్డీ ఎప్పటికంటే రెండంగుళాలు పైకే ఆగింది. లోపల మసి పేరుకుందనుకున్నాడు. నేను పక్క బెంచి దగ్గర ప్యాచ్‌లకు నూనె రాస్తున్నాను. పేలిన చప్పుడే వేరుగా ఉంది. పొగ పోయాక చూస్తే గొట్టం ఒకచోట పాము కప్పని మింగినట్టు ఉబ్బి ఉంది. ముందు కర్ర నిలువునా చీలింది, ఆ చెక్కముక్కలు ఆయన ఎడమ అరచేతిలో దిగాయి. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా ఆయన ఒకే మాట అన్నాడు, "నేను దాన్ని ఖాళీ చేశాను" అని. అబద్ధం చెప్పలేదమ్మా. పాన్ ఖాళీ చేశాడు, మనసులో అదే తుపాకీ ఖాళీ అయిపోయింది. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో మనవలు ఆ అల్మారా ముందే ఆడుకున్నారు.

మామూలు రైఫిల్ అయితే బోల్టు తెరిచి చూస్తే తెలుస్తుంది. దీనికి తెరిచేది లేదు. నీకు లోపలి సంగతి చెప్పేది ఆ కడ్డీ ఒక్కటే. కాబట్టి కొన్న రోజే, మందు ఇంట్లోకి రాకముందే, ఖాళీ గొట్టంలోకి ఆ కడ్డీని అడుగుదాకా దించి, కడ్డీ మీద మూతి దగ్గర గీత పెట్టు. తర్వాత నీ కొలత మందు, ప్యాచ్, గుండు సరిగ్గా దట్టించాక రెండో గీత పెట్టు. కత్తితో చెక్కు, పెన్నుతో గీస్తే చెరిగిపోతుంది. తుపాకీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ముందు కడ్డీ దించి చూడు. నేను నీ చేతికిచ్చినా సరే, నా ఎదురుగానే దించి చూడు. నాకు కోపం రాదు.

రెండో గీత ఇంకో పని కూడా చేస్తుంది. రెండు మూడుసార్లు పేల్చాక మసి పేరుకుని గుండు సగంలో ఆగిపోతుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే కూడా గొట్టం ఉబ్బుతుంది, చీలనూవచ్చు. గీత మూతికి రాకపోతే పేల్చకు. బలంగా దట్టించాల్సి వస్తే కడ్డీని మూతికి దగ్గరగా పట్టుకుని కొంచెం కొంచెంగా నెట్టు. చెక్క కడ్డీ విరిగితే అరచేతిలోంచి దిగుతుంది. తలని మూతి మీదికి వంచకు. సాయంత్రం పేల్చి ఖాళీ చేయడానికి వీల్లేకపోతే లోపలున్నదాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో బయటికి నెట్టే చిన్న పరికరం ఉంటుంది. దాన్ని తుపాకీతోపాటే కొను. డబ్బులు నేనిస్తాను, మాట్లాడకు.

రేంజిలో ఇరవై అయిదు గజాల దగ్గర మొదలుపెట్టి యాభైకి వెళ్లు. అడవిలో డెబ్భై అయిదు దాటితే వదిలెయ్. వందలో కొట్టానని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, తప్పిపోయినవి, గాయపడి పారిపోయినవి మాత్రం చెప్పరు. ట్రిగ్గర్ నొక్కాక రవ్వ పడి, పాన్ వెలిగి, లోపలి మందు అంటుకునేదాకా ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణంలో కదిలావో గుండు ఎటో పోతుంది. చెకుముకి రాయి బదులు చెక్కముక్క బిగించి ఇంట్లో ప్రాక్టీసు చెయ్, ముందు కడ్డీ దించి చూసుకునే. టప్‌మని ఏమీ కాకపోతే దించకు, మూతి టార్గెట్ వైపే ఉంచి నిమిషం ఆగు. ఆలస్యంగా పేలడం నేను చూశాను.

వేటకి వెళ్లేరోజు గొట్టంలో నూనె పొడిగుడ్డతో పూర్తిగా తుడిచాకే మందు పొయ్యి. పాన్ నుంచి లోపలికి నిప్పు వెళ్లే చిన్న రంధ్రం, టచ్‌హోల్, సన్నటి తీగతో పొడిచి చూడు. పేల్చాక పొగలో జింక ఎటు వెళ్లిందో కనపడదు. అరగంట కదలకుండా కూర్చో, తర్వాత రక్తం జాడ వెతుకు. ఇంటికొచ్చాక ఎంత ఆకలేసినా ముందు వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో గొట్టం కడిగి ఆరబెట్టి నూనె రాయి. ఆ మసి గాల్లోని తేమని పీల్చుకుని రాత్రికి రాత్రే తుప్పు తెస్తుంది. మర్నాడు మళ్లీ ఒకసారి తుడువు.

మాంసం సంగతి. మా ఆల్టూనా చుట్టుపక్కలంతా జింకలకు వచ్చే సీడబ్ల్యూడీ జబ్బు ప్రాంతం. ఆ జబ్బు ఈ రాష్ట్రంలో మొదట 2012లో బయటపడింది. ఇక్కడ కొడితే తల, వెన్నెముక ఈ ప్రాంతం దాటించకూడదు. తలని పరీక్షకి డబ్బాలో వేసి, ఫలితం వచ్చాకే వండుకో. అప్పటిదాకా ఫ్రీజర్‌లో పెట్టు. అత్తయ్య గోంగూరతో వండుతానంటోంది.

ఇంకో మాట. వేట ఫొటోలు మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు. ఇండియాలో జింకని కొట్టడం నేరం. మీ పిన్ని ఆ ఫొటో చూసి నిన్ను జైల్లో వేస్తారని ఏడుస్తుంది, ఆమెకి పెన్సిల్వేనియా చట్టం నేను చెప్పలేను. వేటకి వాడిన బ్యాగుకి మందు పొడి అంటి ఉంటుంది, దాన్ని తీసుకుని విమానం ఎక్కకు, ఖాళీదైనా సరే.

షాపుకి ఒక్కదానివే వెళ్లకు. వచ్చే శనివారం పిట్స్‌బర్గ్ వస్తాను, నీ చేతికి ఎంత పొడుగు స్టాక్, అంటే భుజానికి ఆనే కర్ర, సరిపోతుందో కొలిచి చూద్దాం. మీ అమ్మకి నేనే ఫోన్ చేస్తాను, నువ్వు చెయ్యకు.

మీ మావయ్య