నవలల్లో నేనెప్పుడూ హీరోయిన్ పక్షమే

మగవాళ్లు కథల్లో ఆడపాత్రలతో మమేకం కాగలరా అని అడిగారు. నేను పెరిగిందే అట్లా.

మాది నిజామాబాద్ వైపు. ఎనభైల్లో అమ్మ బీడీలు చేసేది. మధ్యాహ్నమైతే వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద చేరేవారు. వాళ్ల చేతులు ఖాళీ ఉండవు కాబట్టి వారపత్రికలో సీరియల్ చదివి వినిపించే పని నాది. ఒకరోజు సీరియల్లో హీరో, అంటే కంపెనీ యజమాని, టైపిస్టు పిల్లని పదిమంది ముందు నోటికొచ్చినట్టు తిట్టి పొమ్మంటాడు. ఆ పొద్దున్నే కార్ఖానాలో అమ్మ కట్టలు బాగాలేవని తీసి అవతల పడేశారు. ఆ పిల్ల మాటలు చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. పక్కింటి చిన్నమ్మ మాత్రం తునికాకు కత్తిరిస్తూ, "గంతగనం తిట్టిండు గని, జీతమిచ్చిండా లేదా? గది సూడు ముందుగాల" అంది. పేజీలు తిరగేశాను. ఒక పేజీ నిండా హీరో కళ్లు, ఇంకో పేజీలో అతని కారు. జీతం ఊసే లేదు. "రాసినోళ్లకేం తెలుసు" అని అమ్మ తేల్చేసింది.

అద్దెకెట్లా, బస్సు తప్పితే ఎట్లా అని ఏ పాత్రకు బెంగ ఉంటే నా మనసు అటే పోతుంది. ఆ సీరియల్ నవలల్లో ఆ బెంగంతా హీరోయిన్‌దే. యద్దనపూడి సులోచనారాణి నవల 'సెక్రటరీ'లో హీరో రాజశేఖరానికి ఏం తక్కువని నేను అతని బాధ పడాలి? ఉద్యోగం చేసుకుని బతకాల్సింది జయంతి. ఆ కాలపు మగపాఠకుల్లో సగం మంది నాలాంటివాళ్లే, పైకి ఒప్పుకోరు అంతే. ఆడపేరు పెట్టుకుని నవలలు రాసిన మగవాళ్లే ఉన్నప్పుడు చదివినవాడికి సిగ్గెందుకో! కూచిపూడిలో తరతరాలుగా జడ వేసుకుని సత్యభామలా అలిగింది మగవాళ్లే కదా.

'కన్యాశుల్కం' అనగానే అందరూ గిరీశం మాటలు వల్లిస్తారు. వినడానికి బాగుంటాడు, కాదనను. కానీ చివర్లో మగవేషం కట్టి సౌజన్యారావు పంతులు ఇంటికెళ్లి చిక్కుముడి విప్పేది మధురవాణి. 1909లో వచ్చిన రెండో కూర్పు నాటికే ఆ నాటకంలో ఆమెకి అంత పనుంది. ఇప్పటి పెద్ద సినిమాల్లో హీరోయిన్ రెండు పాటలకొచ్చి, ఇంటర్వెల్ తర్వాత ఎటు పోతుందో దర్శకుడికే తెలియదు. టికెట్ ధర మాత్రం తగ్గదు, పాప్‌కార్న్ సంగతి ఎత్తకండి. అలాంటి సినిమాకెళితే నేను విలన్ పక్కనుండే అసిస్టెంటుతో మమేకమవుతాను. కనీసం వాడికి చేయడానికో పనుంటుంది.