మేనకోడలికి, నవల చదివే పీరియడ్ గురించి

బిడ్డా,

తొమ్మిదో తరగతికి ఒక పాత ఇంగ్లీషు నవల చదివి వినిపించాలని ఉంది, పిల్లలు వింటారో లేదో అని మొన్న ఫోన్లో అన్నావు. వింటారు. కాకపోతే కొలువులో చేరిన ఏడు నేను చేసిన పని నువ్వు చెయ్యకు. డికెన్స్ ఎప్పుడు పుట్టాడు, ఏమేం రాశాడు, అన్నీ బోర్డు నిండా రాసి పిల్లలతో నోటుబుక్కుల్లో ఎక్కించాను. కథకు వచ్చేసరికి నెల గడిచింది. అప్పటికే సగం మంది కళ్లు కిటికీ బయట ఉన్నాయి.

నీ బడి కొత్తవాడ పక్కనే కదా, మగ్గాల ఇండ్ల పిల్లలు. వాళ్లకు జార్జ్ ఇలియట్ ‘సైలస్ మార్నర్’ పట్టుకుపో. 1861లో వచ్చింది, చిన్న పుస్తకం. కథ అంతా ఒక నేతగాడిది. పదిహేనేండ్లు ఊళ్లో ఎవరితో పొత్తు లేకుండా నేస్తాడు, వచ్చిన బంగారు నాణేలు మగ్గం కింద ఇటుకలు తీసి దాచుకుంటాడు. మగ్గం అంటే ఏమిటో నువ్వు చెప్పకు, వాళ్లను చెప్పనియ్యి. నా క్లాసులో ఎన్నడూ నోరు విప్పని ఒక పిల్ల లేచి, నాడె ఆడించీ ఆడించీ వాళ్ల నాయన భుజం ఎక్కడ గుంజుతుందో తన భుజం పట్టుకొని చూపించింది. ‘షటిల్’ అన్న మాటకు అర్థం మళ్లీ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

రెండో అధ్యాయంలో మట్టికుండ ముచ్చట ఉంది. పన్నెండేండ్లు నీళ్లు తెచ్చుకున్న కుండ, బావి నుంచి వస్తుంటే కాలు తట్టుకొని, కింద పడి మూడు ముక్కలవుతుంది. ఇక పనికిరాదని తెలుసు. అయినా ముక్కలు అతికించి, ఎప్పుడూ ఉండే చోటనే నిలబెట్టుకుంటాడు. అది చదివి ఊరుకో. భావం అడగకు, ప్రశ్న వెయ్యకు.

నిలబడి చదువు. ఒక పేరా ఇంగ్లీషులో చదివి, మన మాటల్లో చెప్పి, మళ్లీ అదే పేరా ఇంగ్లీషులో చదువు. ఆ రెండోసారే పిల్లలకు భాష చెవికెక్కుతుంది. వాక్యానికో తెలుగు వాక్యం చెప్పావంటే, ఇంగ్లీషు వచ్చినప్పుడల్లా చెవులు మూసుకొని తెలుగు కోసం కాచుకుంటారు. పొడుగు వర్ణనలు దాటెయ్యి. ఆరో అధ్యాయంలో తాగేచోట చేరిన ఊరివాళ్ల ముచ్చట్లంటే నాకు ప్రాణం, అయినా క్లాసులో ఎన్నడూ చదవలేదు.

సిలబస్ సంగతి భయపడకు. వారానికి ఒక్క పీరియడ్ చాలు.

పన్నెండో అధ్యాయానికి మాత్రం గంట మొత్తం ఉంచుకో. అప్పటికి బంగారం దొంగల పాలైంది. మనిషికి దూరపు చూపు ఆనదు. పొయ్యి ముందు నేల మీద పచ్చగా ఏదో మెరుస్తుంటే, పోయిన సొమ్మే తిరిగొచ్చిందని చెయ్యి చాస్తాడు. వేళ్లకు తగిలినదాన్ని రచయిత్రి ఇలియట్ మూడు మాటల్లో చెప్పింది: సాఫ్ట్ వార్మ్ కర్ల్స్. పసిబిడ్డ జుట్టు! ఆ మూడు మాటలు బోర్డు మీద రాసి పుస్తకం మూసెయ్యి. బిడ్డ ఎవరిది టీచర్ అని మీద పడతారు. వారం దాకా చెప్పకు.

నా పుస్తకం పంపుతున్నాను. అట్ట ఊడింది, జాగ్రత్త. ఎక్కడ ఆగాలో పక్కన పెన్సిలు గీతలున్నాయి. నీకు కుదరని చోట చెరిపి నీ గీత పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ అత్తమ్మ