విమానం కంపెనీ బంద్ అయింది, మా పైసలెట్ల?

అన్నా నమస్తే, మాది హన్మకొండ. నాయనకు 74 ఏండ్లు, ఒక్కసారన్న విమానం ఎక్కి తిరుపతి పోవాలని ఎన్నేండ్ల సంది అంటుండె. అందుకని శంషాబాద్ నుంచి ఐదు టికెట్లు మూడు నెలల ముందే తీసుకున్నం, రెండు నా క్రెడిట్ కార్డు మీద కంపెనీ సైట్‌లనే, మిగతా మూడు చౌరస్తా కాడ తెలిసిన ఏజెంట్‌కు నగదు ఇచ్చి. ఇంక ఆరు రోజులల్ల ప్రయాణం అనంగ సర్వీసులన్నీ బంద్ అని మెసేజ్ వచ్చింది. దర్శనం టికెట్లు చేతుల ఉన్నయ్, రైల్ల తత్కాల్ గూడ దొరకలే, మోకాళ్ల నొప్పులున్న మనిషిని రాత్రంత బస్సుల కూసోబెట్టి తీస్కపోయినం. ఇప్పటికి ఐదు వారాలాయె, కస్టమర్ కేర్ ఫోన్ ఎత్తరు. కంపెనీ దివాలా కేసుల పడ్డదంట. ఏజెంట్ ఏమో నా పైసలు గూడ మునిగినయ్ అక్కా అంటుండు. మా 23 వేలు వస్తయా? ఏజెంట్ మీద కేసు పెట్టాల్నా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

చెల్లె, నాయనను అట్ల తీస్కపోయిన ముచ్చట చదివితే పానం కలుక్కుమన్నది. ముందుగాల ఒకటి చెప్త, ఐదు టికెట్లను ఒక్క లెక్కల కలపకు. కార్డు మీద తీసుకున్న రెండిటికి ఆశ చానా ఉంది, ఆ పని ఇయ్యాల్నే చెయ్యి.

నీ కార్డు ఇచ్చిన బ్యాంకుకు ‘పైసలు కట్టిన, సర్వీస్ అందలే’ అని రాతపూర్వకంగ డిస్ప్యూట్ పెట్టు, దీన్నే చార్జ్‌బ్యాక్ అంటరు. ఈ-టికెట్, పీఎన్ఆర్, రద్దయిందని వచ్చిన మెసేజ్, కార్డు స్టేట్‌మెంట్ జత చెయ్యి. ఇక్కడ పైసలు వాపస్ అడిగేది మూతపడ్డ కంపెనీని కాదు, కార్డు వ్యవస్థల ఆ కంపెనీ తరఫున పైసలు తీసుకున్న బ్యాంకును, అందుకే కంపెనీ దివాలా తీసినా ఈ దారి మూసుకపోదు. కానీ దీనికి గడువు ఉంటది, బ్యాంకు బ్యాంకుకు తేడా ఉంటది, ఐదు వారాలు ఇప్పటికే పోయినయ్. ‘కంపెనీనే అడగండి’ అని కౌంటర్ల చెప్తే లేచి రాకు, కంప్లైంట్ నంబర్ తీస్కో. 30 రోజులల్ల జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, దానికి ఫీజు లేదు.

నగదు ఇచ్చిన మూడు టికెట్ల సంగతి కష్టం, ఉన్నదున్నట్టు చెప్త. దివాలా పిటిషన్‌ను ఎన్సీఎల్టీ, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్, తీసుకున్నంక మారటోరియం పడ్తది, అంటే కంపెనీ మీద కొత్త కేసులు నడవయ్, నడిచేటివి గూడ ఆగుతయ్. గో ఫస్ట్ విమాన కంపెనీ సంగతి యాదికుందా? 2023 మే 2న పిటిషన్ వేసిండ్రు, మే 3 నుంచి విమానాలు ఆగినయ్, మే 10న ఎన్సీఎల్టీ కేసు తీసుకున్నది, ఆఖరికి 2025 జనవరిల అమ్మి అప్పులు తీర్చుమని ఆర్డర్ వచ్చింది. విమానాలు అమ్మితే మన పైసలు వస్తయ్ కదా అనుకుంటరు చానామంది, కానీ అవి చానా మటుకు కిరాయి విమానాలు, కోర్టు ఆర్డర్‌తోని ఓనర్లు వాపస్ తీస్కపోయిండ్రు. ఇగ మిగిలినదాంట్ల దివాలా చట్టం సెక్షన్ 53 ప్రకారం ముందు కేసు ఖర్చులు, తర్వాత కార్మికుల బాకీలు, తాకట్టు ఉన్న బ్యాంకులు, మిగతా ఉద్యోగుల జీతాలు, ఇట్ల వరస పోతది, టికెట్ కొన్నోళ్లం చానా కిందున్నం. టికెట్ ముందు కొన్నమంటే ఏ తాకట్టు లేకుంట కంపెనీకి అప్పు ఇచ్చినట్టే, ఈ మాట నాకు గూడ చానా రోజులు తెల్వదు, తెలిసినప్పుడు కోపమొచ్చింది, రోజుకూలీ ఇంట్ల దాచిపెట్టిన పైసలకు, వందల కోట్ల బ్యాంకు అప్పుకు ఒక్క న్యాయం ఎట్లయితది?

అట్లని ఊకోవద్దు. దివాలా కేసుల కంపెనీని చూసుకునేటందుకు పెట్టిన మనిషి, రిజల్యూషన్ ప్రొఫెషనల్ అంటరు, పబ్లిక్ నోటీస్ ఇస్తడు, అందుల చివరి తేదీ ఉంటది, ఆ లోపల ముగ్గురి పేరు మీద క్లెయిమ్ వెయ్యి, పైస ఖర్చు లేదు. ఎంత వస్తదో నేను మాటియ్యలేను, కానీ వెయ్యనోళ్లకు ఎట్లాగూ రాదు. ఏజెంట్ దగ్గర పైసలు ముట్టినట్టు రశీదు, టికెట్ ప్రింట్ రెండూ తీస్కో.

ఏజెంట్ అబద్ధం చెప్తుండని తొందరపడి అనకు. చానామంది ఏజెంట్లు కంపెనీ దగ్గర ముందే డిపాజిట్ పెట్టి అందుకెళ్లి టికెట్లు కొడ్తరు, ఆ డిపాజిట్ గూడ ఇరుక్కుంటది. విమాన కంపెనీలకు రూల్స్ పెట్టే సర్కారు సంస్థ డీజీసీఏ రూల్ గూడ ఏజెంట్ దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత విమాన కంపెనీదే అంటది. నువ్వు అడగాల్సింది ఆయన తీసుకున్న సర్వీస్ చార్జి. అయితే సర్వీసులు బంద్ అయినయని తెలిసీ టికెట్ కొట్టినా, రీఫండ్ ముట్టినంక దాచినా అది వేరే సంగతి, హన్మకొండల జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, రెండేండ్ల టైం ఉంటది. మొదలు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడుగు.

సార్, మామునూరుల మళ్ల విమానాలు దిగుతయంట, మస్తు సంబురంగుంది. కానీ చిన్న కంపెనీలే వస్తయంటున్నరు, నమ్మి టికెట్ కొనొచ్చా?
— ఒక రిటైర్డ్ టీచర్, ఖిలా వరంగల్

పెద్దాయనా, మీ సంబురం నాకు గూడ ఉంది. నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు, 1981ల మూతపడ్డది, 2025 ఫిబ్రవరిల గదా కేంద్రం మళ్ల పర్మిషన్ ఇచ్చింది. ఎక్కండి, కానీ చూసి ఎక్కండి. విజయవాడల పుట్టిన ఎయిర్ కోస్టా 2013ల మొదలై 2017 ఫిబ్రవరిల ఆగింది. మన హైదరాబాద్ ట్రూజెట్ 2017 ఏప్రిల్‌ల కడప, హైదరాబాద్, నాందేడ్ రూట్ల చిన్న ఊర్లకు విమానాలు నడిపేటందుకు కేంద్రం పెట్టిన ఉడాన్ స్కీం కింద విమానాలు తిప్పింది, 2022 ఫిబ్రవరిల అది గూడ ఆగింది. ఉడాన్ రూట్లకు సర్కారు ఇచ్చే సాయం మూడేండ్లే, అది అయిపోయినంక సీట్లు నిండకపోతే రూట్ నిలబడుడు కష్టం. చిన్న కంపెనీకి ఉండేటియే నాలుగైదు విమానాలు, కిరాయి కట్టలేక ఒక్కటి పోయినా సగం షెడ్యూల్ చెడ్తది. అందుకని ఆఫర్ అని నాలుగు నెలల ముందు కొనకండి, రెండు మూడు వారాల ముందు చాలు, కార్డు మీదనే కొనండి. పెండ్లి, ఆపరేషన్, ఇంటర్వ్యూ అసొంటి ఆగని పని ఉంటే కాజీపేట నుంచి రైలు టికెట్ గూడ చేసి పెట్టుకోండి, వెయిటింగ్ లిస్ట్ అయినా సరే.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది, విమానం కంపెనీ మూతపడ్డా పైసలు ఇస్తరా?
— కరీంనగర్ నుంచి

పాలసీ కాయితంల దివాలా అన్న మాట యాడుందో వెతుకు తమ్మీ. చానా పాలసీలల్ల అది ఇయ్యని లిస్టులనే ఉంటది. ఫోన్ల ‘వస్తది’ అంటే నమ్మకు, మెయిల్ పెట్టమను.