ముందు లిఫ్టా, టైర్లా?

ప్రశ్న: పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ కొన్నాను. కొండదారుల్లో, బురదలో తిప్పాలని ఉంది. డబ్బు తక్కువ. ముందు బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించమంటారా?

జవాబు: లిఫ్ట్ ఆఖరికి ఉంచండి. ముందు బండి కిందికి దూరి ఛాసిస్‌ను (అడుగు ఇనప చట్రం) సుత్తితో తట్టండి, ముఖ్యంగా వెనక స్ప్రింగు పట్టీలు బిగించే చోట. ఖంగుమనకుండా మొద్దుగా పలికితే తుప్పు తినేసినట్టే. అక్కడ వెల్డింగ్ అయ్యాకే మిగతా ఖర్చు. గట్టిపడిన రేడియేటర్, బ్రేక్ హోస్‌లు మార్చేయండి.

డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ పాలలా తెల్లబడిందా? నీళ్లు చేరాయి. వేడిగా ఉన్న యాక్సిల్ వాగులో దిగి చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. యాక్సిల్‌కు గాలి ఆడే రంధ్రమైన బ్రీదర్‌కు గొట్టం తగిలించి ఇంజన్ గది పైదాకా తెస్తే సరి. ఇంత చవకైన పని మరొకటి లేదు.

మిగిలిన డబ్బు, రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లకు. ఇసుకలో గాలి 15-18 పీఎస్‌ఐకి దించండి. రోడ్డెక్కేముందు నింపకపోతే టైరు వేడెక్కి పగలొచ్చు, కాబట్టి కంప్రెసర్ ఉండాల్సిందే. ఇరుక్కుంటే తాడు ఛాసిస్ హుక్కుకే తగిలించండి. టో బాల్‌కు (ట్రెయిలర్ తగిలించే ఇనప గుండు) వద్దు, విరిగితే తూటాలా ఎగురుతుంది.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది విడిగా కదిలే ఏర్పాటు) ఉంటే లిఫ్ట్ 2 అంగుళాలు దాటనివ్వకండి. ముందు చక్రాలను తిప్పే షాఫ్టుల కోణం పెరిగి, వాటి కీళ్లైన సీవీ జాయింట్లు త్వరగా అరుగుతాయి.