ఒక్క హీరో ఆర్మీ మొత్తాన్ని తినేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండి. మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి సొంతంగా ఒక ఫాంటసీ మినియేచర్ గేమ్ (టేబుల్ మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధం ఆట) తయారు చేసుకుంటున్నాం, ఆరు ముఖాల డైస్, ఆటకి ఆరు టర్న్‌లు. నా హీరో ఒక రాణి. తన రాజ్యాన్ని తగలబెట్టిన డ్రాగన్‌ని చంపి దాని పొలుసులతోనే కవచం చేయించుకుంది. ఆరు ఎటాక్స్, 2+ (అంటే డైస్ మీద 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ) వస్తే తగులుద్ది, మళ్ళీ 2+ వస్తే గాయం. కవచం సేవ్ (గాయాన్ని ఆపే రోల్) 2+, అది ఫెయిలైతే ఇంకో మ్యాజిక్ సేవ్ 4+, మొత్తం నాలుగు వూండ్స్, అవన్నీ పోతేనే చస్తుంది. ఆమె టేబుల్ మీదకి దిగితే చాలు ఎదుటివాళ్ళకి ఆడబుద్ధి కావట్లేదంట. ఈ అంకెలు, అదే స్టాట్స్ తగ్గిస్తే మామూలు సోల్జర్‌లా అనిపిస్తోంది, ఎవ్వరూ తీసుకోవట్లేదు. పవరూ ఉండాలి, కథా కనపడాలి, ఎలా అండి?

జవాబు: ముందు మీ రాణి లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ఫ్రెండ్స్ బాధ అంతా అందులోనే ఉంది. ఎదురుగా ఉన్న మామూలు సోల్జర్ ఆమెని కొడితే 4+ కి తగిలి 5+ కి గాయమవుతుంది అనుకుందాం, అంటే అలాంటి ఆరు ఎటాక్స్‌లో సగటున ఒకటి గాయం దాకా వస్తుంది. అక్కడ మీ 2+ కవచం ఆరింట ఐదు ఆపేస్తుంది, మిగిలిందాంట్లో సగం మ్యాజిక్ సేవ్ ఆపేస్తుంది, అంటే 72 ఎటాక్స్‌కి ఒక్క వూండ్. నాలుగు వూండ్స్ పోవాలంటే సగటున 288 ఎటాక్స్. పది మంది యూనిట్ ఒక్కడు కూడా చావకుండా ఆరు టర్న్‌లూ తలా ఒక ఎటాక్ చొప్పున కొట్టినా 60 దాటదు! పైగా ఆమె టర్న్‌కి సగటున నలుగురిని లేపేస్తోంది. అంటే అవతలి ఆటగాడు ఏం చేసినా ఒకటే, ఏమీ చేయకపోయినా ఒకటే, ఇంక వాళ్ళకి ఆడబుద్ధి ఎలా అవుతుంది చెప్పండి.

ఇప్పుడు మ్యాజిక్ సేవ్ తీసేసి కవచాన్ని 3+ చేయండి. 18 ఎటాక్స్‌కి ఒక వూండ్, మొత్తం 72. రెండు యూనిట్లు రెండు వైపుల నుంచి కమ్ముకుంటే పడగొట్టే ఛాన్స్ ఉంది, ఒంటరిగా వచ్చిన ఒక యూనిట్‌ని మాత్రం ఆమే తినేస్తుంది. ఇది చాలా బలమే, నమ్మండి. సేవ్ మీద సేవ్ పెట్టడం వల్లే హీరోలు పాడవుతారని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రెండు సేవ్‌లు కలిసేటప్పుడు లెక్క కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుద్ది, కాగితం మీద చూస్తే చిన్న మార్పులానే ఉంటుంది.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు లెండి. 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే బొమ్మల యుద్ధం గేమ్ ఫాంటసీ రూల్స్‌లోనే హీరో అంటే నలుగురితో సమానం, సూపర్ హీరో అంటే ఎనిమిది మందితో సమానం, హీరోని చంపాలంటే ఒకేసారి నాలుగు దెబ్బలు తగలాలి. సింపుల్‌గా ఉంది, బానే ఉంది. తర్వాత 1990లలో వార్‌హ్యామర్ అనే ఇలాంటి ఇంకో గేమ్ 4, 5 ఎడిషన్లు వచ్చేసరికి మ్యాజిక్ ఆయుధాలు మోసుకుంటూ ఒక్క హీరోనే రెజిమెంట్లకి రెజిమెంట్లని ఊడ్చేసేవాడు, ఆటగాళ్ళు దానికి హీరోహ్యామర్ అనే పేరు పెట్టేశారు. 2000లో వచ్చిన 6వ ఎడిషన్‌లో పగ్గాలు వేశారు, 2000 పాయింట్ల (ప్రతి బొమ్మకీ దాని బలాన్ని బట్టి పెట్టే ధర) లోపు ఆర్మీలో హీరోల్లాంటి కేరెక్టర్లు ముగ్గురే, వాళ్ళలో అందరికంటే బలమైన లార్డ్ స్థాయి వాళ్ళు అసలు ఉండకూడదు. మీరూ ఇలాంటి లిమిట్ ఒకటి పెట్టుకోండి, హీరోల ఖర్చు ఆర్మీ మొత్తం పాయింట్లలో పావు వంతు దాటకూడదు అని. ఆమె పాయింట్ల రేటు పెంచేస్తే సరిపోతుంది అనుకోకండి, వెయ్యి పాయింట్ల ఆటలో 400 ఒక్కరి మీదే పెడితే ఆమె చస్తే అవతలివాడు గెలిచినట్టే, చావకపోతే మీరు గెలిచినట్టే, మిగతా బొమ్మలన్నీ అక్కడ ఊరికే నిలబడి ఉంటాయి.

సరే, ఇప్పుడు అసలు విషయం. మీ రాణి గురించి మీరు రాసిన కథ ఎంత బాగుందో, ఆ స్టాట్స్‌లో అందులో ఒక్క ముక్క కూడా లేదు! ఆరు ఎటాక్స్ ఎవడికైనా రాసుకోవచ్చు, ఓ దెయ్యానికి, ఓ గుర్రపు రౌతుకి, ఎవరికైనా. ఆమె ఏం చేసింది? డ్రాగన్‌ని చంపింది. అయితే పెద్ద రాక్షసజీవుల మీద మాత్రమే ఆమె తప్పిన ఎటాక్స్ అన్నీ రీరోల్ చేసుకోనివ్వండి, గాయమైతే ఒకటికి రెండు వూండ్స్ పోనివ్వండి. మామూలు సోల్జర్ల మీద నాలుగు ఎటాక్స్ చాలు, తగలడం 3+ చేయండి. ఆమె కవచం డ్రాగన్ పొలుసులు కదా, నిప్పుతో చేసే ఏ ఎటాక్ అయినా ఆమెని ఏమీ చేయదు, నిప్పుల్లోంచి నడిచి రావచ్చు. ఇప్పుడు ఆమె కవచం గురించి ఎవరూ అంకె చెప్పరు, నిప్పు తగలదు అని చెప్పుకుంటారు.

ఇంకోటి. ఆమెకి పగ ఉంది, దాన్ని కూడా రూల్ చేయండి. టర్న్ మొదట్లో 12 అంగుళాల లోపు శత్రువు రాక్షసజీవి కనిపిస్తే ఆమె దాని వైపే కదలాలి, మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా. ఇక్కడే ఆట రుచి వస్తుంది. అవతలివాడు తన ట్రోల్ లాంటి రాక్షసజీవిని ఎరగా పెట్టి ఆమెని లైన్‌లోంచి బయటికి లాగొచ్చు, మీరు అది ముందే ఊహించి పక్కన ఒక యూనిట్ రెడీగా పెట్టొచ్చు. హీరో బలం అవతలివాడికి కూడా ఒక ఆలోచన ఇవ్వాలి, నేను ఏ హీరోని చూసినా మొదట ఇదే చూస్తాను. స్టాట్స్ చెప్పకుండా ఆ హీరో కథని రూల్‌తో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే డిజైన్ కుదిరినట్టే.

ఒక్కటి మాత్రం చేయకండి, ఆరు అంగుళాల లోపు ఉన్న మనవాళ్ళందరికీ ప్లస్ ఒకటి అనే ఆరా. అందరూ అదే రాస్తారు, దాంతో హీరో వెనకాల ఎక్కడో పొలంలో దిష్టిబొమ్మలా నిలబడిపోతాడు, మీ రాణిని చూస్తే అలా నిలబడే మనిషిలా లేదు.

ప్రశ్న: మా మాంత్రికుడికి తొమ్మిది ఎబిలిటీలు రాశాం, ఆటలో సగం గుర్తుండట్లేదు. ఎన్ని ఉండాలి?

జవాబు: మూడు చాలండి. ఎప్పుడూ పనిచేసేది ఒకటి, టర్న్ టర్న్‌కి వాడాలా వద్దా అని ఆలోచించుకునేది ఒకటి, ఆట మొత్తంలో ఒక్కసారే వాడేది ఒకటి. 2003లో వచ్చిన వార్‌మెషీన్ అనే బొమ్మల గేమ్‌లో ఆర్మీని నడిపే మాంత్రిక నాయకుడైన ప్రతి వార్‌కాస్టర్‌కీ ఫీట్ అని ఇలాంటి ఒక్కసారి పవర్ ఉంటుంది, దాన్ని ఏ టర్న్‌లో వదలాలి అనే టెన్షన్ మీదే గేమ్‌లు తిరిగిపోతాయి, పైగా ఆ వార్‌కాస్టర్ చస్తే ఆట ఓడినట్టే కాబట్టి ముందుకి తేవాలన్నా భయమే. రెండోదానికి లార్డ్ ఆఫ్ ది రింగ్స్ బొమ్మల గేమ్‌లో ఉన్న మైట్ పాయింట్స్ చూడండి. డైస్ పడ్డాక ఒక పాయింట్ ఖర్చుపెట్టి ఒకటి పెంచుకోవచ్చు, లేదా దాంతోనే అవతలివాడికంటే ముందు కదలొచ్చు, కానీ కొద్ది పాయింట్లే ఉంటాయి, అయిపోతే అయిపోయినట్టే. మీ తొమ్మిదిలో మిగతా ఆరూ పారేయకండి, వేరే హీరోలకి పంచండి.

ప్రశ్న: బొమ్మని చూడగానే ఇతనే హీరో అని తెలియాలంటే స్కల్ప్ట్‌లో (బొమ్మ చెక్కిన తీరులో) ఏం చూసుకోవాలి?

జవాబు: టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషికి బొమ్మ రెండు మూడు అడుగుల దూరంలో ఉంటుంది, 28 ఎంఎం బొమ్మలో కళ్ళూ నగిషీలూ అంత దూరానికి ఆనవు, ఆకారమే ఆనుతుంది. నల్ల ప్రైమర్ (రంగులకి ముందు వేసే పూత) కొట్టాక దూరం నుంచి చూడండి, నీడలా ఉన్నప్పుడు కూడా గుర్తుపట్టగలిగితే ఓకే. చేతులు ఒంటికి అతుక్కోకుండా బయటికి ఉండాలి, ఆయుధం ముఖానికి అడ్డం రాకూడదు. తలలు, చేతులు, కత్తులు కాస్త పెద్దవి చేసే హీరోయిక్ స్కేల్ ఉన్నదే ఇందుకు. రూల్‌లో ఏది ముఖ్యమో అది బొమ్మ మీద కనపడాలి, పైన రాణికి అయితే పొలుసులు భుజాల మీద పెద్దగా ఉండాలి, మిగతా బట్టలు ప్లెయిన్‌గా వదిలేయొచ్చు. సోల్జర్లవి 25 ఎంఎం బేస్‌లైతే (బొమ్మ కాళ్ళ కింద ఉండే పీట) హీరోకి 32 లేదా 40 ఇవ్వండి, కానీ పెద్ద బేస్‌ని ఎక్కువమంది చుట్టుముట్టగలరు కాబట్టి ఆ లెక్క కూడా రూల్స్‌లో చూసుకోండి. బండరాయి మీద ఎక్కించే ముందు మీ రూల్స్‌లో చూపు గీతని (ఎవరికి ఎవరు కనపడతారో తేల్చే గీత) బొమ్మ కళ్ళ నుంచి కొలుస్తున్నారా లేదా చూడండి, కొలిచేట్టయితే ఆ రాయి వల్ల హీరో గోడ వెనక దాక్కోలేడు, ప్రతి విలుకాడికీ కనపడతాడు, అప్పుడు బొమ్మ ఎత్తు ఎంతైనా మామూలు మనిషి ఎత్తే లెక్క అని రూల్‌లో ఒక లైన్ రాసుకోండి.