మంగు మచ్చల క్రీమ్ రాస్తే బుగ్గల మీద ఎర్రటి గీతలు

ప్రశ్న: నా వయసు 34. మంగు మచ్చలకని మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ ఏడాదిగా రాస్తున్నాను. మచ్చలు తగ్గాయి కానీ ఎండలోకి వెళితే ముఖం కందిపోయి మండుతోంది. బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి. క్రీమ్ ఆపితే మంట ఎక్కువవుతోంది. లేజర్‌తో ఇవి పోతాయా? ఎన్ని సిట్టింగులు పడతాయి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లేజర్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదవండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుఓసినోలోన్... వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్ క్రీమే. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, కింది రక్తనాళాలు వ్యాకోచించి పైకి కనబడతాయి. దాంట్లోనే ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం మందు) కూడా కలిసి ఉంటే ఎండ అసలు పడదు. గర్భం కోసం చూస్తున్నా, నెల తప్పినా ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఆపగానే మండుతోందంటే ఆ క్రీమ్ మంచి చేస్తోందని కాదు. చర్మం దానికి అలవాటు పడిపోయింది. మంట తట్టుకోలేక మళ్లీ రాయడం, కాస్త చల్లబడగానే ఆపడం, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే ఏళ్లు గడిపేస్తారు. ఇలాంటి ఘాటైన స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా పక్కింటావిడ వాడిందని, షాపతను ఇచ్చాడని ముఖానికి రాసేస్తున్నారు. ఏడాది ఆగకుండా మొదటి నెలలోనే చూపించుకోవాల్సింది తల్లీ.

చూడకుండా ఇదే జబ్బని తేల్చి చెప్పలేను. రొసేషియా, అంటే ముఖం ఎర్రబడి రక్తనాళాలు పైకి తేలే చర్మవ్యాధి కూడా కావచ్చు. ఎండ పడకపోవడంతో పాటు కీళ్ల నొప్పులు, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం, తరచూ జ్వరం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఉందేమో చూడటానికి ఏఎన్ఏ అనే రక్తపరీక్ష, మూత్ర పరీక్ష అవసరం కావచ్చు.

క్రీమ్ ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది చర్మవ్యాధుల డాక్టరు చూసి చెబుతారు. ఈలోగా సబ్బు, ఫేషియల్, బ్లీచ్, నిమ్మరసం ఏవీ ముఖానికి తగలనివ్వకండి. సువాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ సాధారణంగా పడతాయి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. గొడుగు మరవకండి.

ఎరుపు సర్దుకున్నాక కూడా మిగిలే గీతలకే లేజర్. మన చామనఛాయ చర్మానికి, అందులోనూ మంగు ఉన్నవాళ్లకి, తొందరపడి చేయిస్తే నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది. సిట్టింగుల లెక్క ఇప్పుడే వద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, ఖాళీదైనా సరే, పారేయకుండా పట్టుకెళ్లండి.