ట్రెయిల్ రైడింగ్‌కు ముందు ఇన్సూరెన్స్ చూసుకో తమ్ముడూ

ప్రశ్న: మాది జనగామ. ఎమ్మెస్ కోసం టెన్నెసీ వచ్చాను. ఫ్రెండ్స్‌తో గుర్రాల మీద అడవి దారిలో ట్రెయిల్ రైడింగ్‌కు వెళ్తున్నాం. ఒక్కొక్కరికి ఒక్కో జాతి గుర్రం ఇస్తారట. భయపడాలా?

జవాబు: తమ్ముడూ, మాది హనుమకొండే. మన దగ్గర పెళ్లి బరాత్‌లో గుర్రాన్ని ఇంకొకరు పట్టుకొని నడిపిస్తారు. ఇక్కడ కళ్లెం నీ చేతికే ఇస్తారు.

కొత్తలో నేను వెళ్లినప్పుడు నాకు మామూలు నడక ఉండే క్వార్టర్ హార్స్ జాతి గుర్రం, ముందున్న స్నేహితురాలికి టెన్నెసీ వాకింగ్ హార్స్ ఇచ్చారు. మామూలు గుర్రం నడిస్తే గంటకు 6 కిలోమీటర్లు పోతుంది. వాకింగ్ హార్స్ 'రన్నింగ్ వాక్' అందుకుంటే 16 దాకా పోతుంది. కాళ్లు ఒక్కొక్కటిగా నేలను తాకుతాయి కాబట్టి కుదుపు ఉండదు, పైన కూర్చున్నవాళ్లకు వేగం తెలియదు. ఆమె కబుర్లు చెబుతూ సాగిపోయింది. గుర్రం మందలో బతికే జంతువు, వెనకబడితే దానికి టెన్షన్. అందుకే నా గుర్రం ముందుదాన్ని అందుకోవడానికి ట్రాట్ అనే ఎగుడుదిగుడు పరుగు అందుకుంది. ట్రాట్‌లో ఒక పక్క ముందు కాలు, రెండో పక్క వెనక కాలు జతగా పడతాయి, అలవాటు లేనివాళ్లు జీను మీద ఎగిరెగిరి పడతారు. నేను కళ్లెం లాగిన కొద్దీ అది గింజుకుంది. మలుపులో పడ్డాను, మణికట్టు విరిగింది.

నొప్పి తగ్గాక కూడా బిల్లులు వస్తూనే ఉన్నాయి. అంబులెన్స్‌కు ఒకటి, ఎమర్జెన్సీకి ఒకటి, డాక్టర్‌కు వేరే, ఎక్స్‌రే చూసినవాళ్లకు వేరే. ఇన్సూరెన్స్ ఉన్నా డిడక్టిబుల్ అనే నిర్ణీత మొత్తం నిండేదాకా మన జేబులోంచే కట్టాలి. ఇంటికి పంపాల్సిన డబ్బంతా అందులోకే పోయింది. ఎవరినీ అప్పు అడగకుండా, ఆస్పత్రితో మాట్లాడి వాయిదాల్లో తీర్చాను. ఇప్పుడొచ్చే పిల్లలు బిల్లు చూడగానే ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలను కంగారు పెడుతున్నారు.

నీ గుర్రం నడక ఏమిటో, ముందు వెనక ఏవి ఉంటాయో ఎక్కకముందే గైడ్‌ను అడుగు. ఐస్‌లాండిక్, పాసో ఫీనో, మిస్సోరి ఫాక్స్ ట్రాటర్ కూడా కుదుపు లేకుండా వేగంగా పోయేవే. అందరిలో నెమ్మదైన గుర్రాన్ని బట్టే గుంపు సాగాలి. మధ్యలో కనీసం ఒక గుర్రం పొడవు ఖాళీ ఉండాలి. తోకకు ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది తన్నే గుర్రం, ఇంకా దూరంగా ఉండు. ఎవరైనా దిగి ఎక్కుతుంటే మిగతావాళ్లు కదలొద్దు. స్వారీ హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. మడమ లేని బూటైతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కోవచ్చు.

అక్కడ సంతకం పెట్టించుకునే కాగితం పూర్తిగా చదువు. గుర్రపు ప్రమాదాల్లో నిర్వాహకుల బాధ్యతను తగ్గించే చట్టం టెన్నెసీలోనూ ఉంది, వివరాలు నువ్వే చూసుకోవచ్చు. అంతకంటే ముందు స్టూడెంట్ ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చెయ్. గుర్రపు స్వారీకి వర్తిస్తుందా, డిడక్టిబుల్ ఎంత, ఆ దారికి దగ్గర్లో నెట్‌వర్క్ ఆస్పత్రి ఏది అని అడుగు. జవాబులన్నీ తెలిశాకే రైడ్‌కు డబ్బు కట్టు.